మీకు తెలుసా? ఇంటికొచ్చాకే అసలు వైద్యం మొదలు!

మన వెన్నుపాము పొడవెంతో తెలుసా? సుమారు 45 సెంటీమీటర్లే! లావు చిటికెన వేలంత. అంతే! నడక, చేతి పట్టు, మూత్రం, చెమట... అన్నీ దాని మీదే నడుస్తున్నాయి. అది దెబ్బతింటే మంచాన పడేది ఒక్కరే. బతుకు మారిపోయేది మాత్రం ఇంటిల్లిపాదికీ!

లోకంలో ఇలా వెన్నుపాము గాయంతో బతుకుతున్నవాళ్ళు ఎంతమంది అనుకుంటున్నారు? కోటీ 50 లక్షల మందికి పైనే! ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క ఇది. తలకు దెబ్బ తగిలినవాళ్ళ లెక్క వేరే! మన సత్యవేడు చుట్టుపక్కలే చూడండి. మామిడికాయలు కోస్తుంటే కొమ్మ విరిగి పడ్డవాళ్ళు. గోడ కడుతూ పైనుంచి జారినవాళ్ళు. తెల్లారకముందే శ్రీసిటీ షిఫ్టుకని బైకెక్కి, మలుపులో బోల్తా పడ్డ పిలకాయలు. మీకూ ఎవరో ఒకరు గుర్తొస్తారు!

రోడ్డు మీద మనిషి పడితే మనమేం చేస్తాం? చంకల్లో చేతులేసి లేపి, కూర్చోబెట్టి, నీళ్ళు పడతాం. ఆగండి! పూస విరిగినా లోపలి వెన్నుపాము ఇంకా బాగానే ఉండొచ్చు. మనం లేపిన కుదుపుకే అది నలిగిపోవచ్చు! తప్పనిసరై కదపాలంటే తల, మెడ, నడుము ఒకే వరసలో ఉంచి దొర్లించాలి. అందుకు నలుగురు మనుషులు కావాలి. ఒకరి పని తల పట్టుకోవడమే! లేదంటే 108 వచ్చేదాకా కదపకుండా ఉంచండి. అంతకన్నా పెద్ద సాయం లేదు!

ఇది చాలామందికి ఇంకా తెలీదు! రోడ్డు ప్రమాదంలో గాయపడితే 1.5 లక్షల రూపాయల దాకా నగదు కట్టకుండా వైద్యం చేయించుకోవచ్చు. గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో, ప్రమాదం జరిగిన రోజు నుంచి వారం దాకా! కేంద్రం 2025 మేలో తెచ్చిన పథకం ఇది. నగలు తాకట్టు పెట్టడానికి పరిగెత్తే ముందు ఆసుపత్రి కౌంటర్‌లో ఒక్క మాట అడగండి!

ఐసీయూ బయట నిలబడ్డవాళ్ళకు వినపడే మొదటి మాట ఏమిటి? "జీసీఎస్ ఎంత?" కళ్ళు తెరవడం, మాట్లాడడం, కదలడం... ఈ మూడింటికి వేసే మార్కులవి. అందులో 0 లేదు! ఏ స్పందనా లేని మనిషికి కూడా 3 మార్కులు వేస్తారు. పూర్తి మెలకువకు 15. గ్లాస్గో నగరంలో ఇద్దరు డాక్టర్లు 1974లో కనిపెట్టిన లెక్క ఇది. ఈ సంగతి తెలిస్తే, "3 ఉంది" అన్న మాట విని ఎంతో కొంత ఉందిలే అని మోసపోరు. నిన్న 6, ఇవాళ 8 అంటే ఎందుకు సంతోషించాలో కూడా తెలుస్తుంది!

కోమా నుంచి బయటికొస్తున్న మనిషి అరుస్తాడు. తిడతాడు. కొడతాడు. పైపులు పీకేస్తాడు. ఎన్నడూ పల్లెత్తు మాట అనని పెద్దాయన నోట బూతులు! ఇల్లాలు హడలిపోతుంది. కానీ తెలుసా? ఇది కోలుకునే దారిలో ఒక మెట్టు! డాక్టర్లు మెదడు తేరుకునే తీరును 8 మెట్లుగా రాసుకున్నారు. ఈ గందరగోళం అందులో 4వది. అంటే కిందున్న మూడూ దాటేశాడన్నమాట! ఆ తిట్లు మీ మీద కోపంతో తిట్టేవి కావు. దీపం తగ్గించండి, టీవీ ఆపండి, చుట్టూ మనుషుల్ని తగ్గించండి. సగం గొడవ అక్కడే చల్లారుతుంది!

ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద వింత చెబుతా! 2006లో ఇంగ్లండ్‌లో అడ్రియన్ ఓవెన్ అనే శాస్త్రవేత్త ఒక 23 ఏళ్ల అమ్మాయిని స్కానర్‌లో పడుకోబెట్టాడు. రోడ్డు ప్రమాదంలో మెదడు దెబ్బతిన్న అమ్మాయి. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి, మనిషిలో మాత్రం ఏ చలనమూ లేదు. "టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకో" అన్నాడు. వెంటనే ఆమె మెదడులో కదలికకు సంబంధించిన భాగం వెలిగింది! వేలు కూడా కదపలేని మనిషి మాట విన్నది, అర్థం చేసుకున్నది, చెప్పినట్టు చేసింది!

అదేదో ఒక్కరి సంగతిలే అనుకోకండి! చెప్పిన పనికి ఏమాత్రం కదలని 241 మందిని పలు దేశాల డాక్టర్లు పరీక్షించారు. ఫలితాలు 2024లో వచ్చాయి. వాళ్ళలో నలుగురికి ఒకరి మెదడు లోపల్లోపల స్పందిస్తోంది! అందుకే మంచం దగ్గర నిలబడి "ఇక లాభం లేదు", "ఆస్తి ఎవరి పేరున ఉంది?" లాంటి మాటలు వద్దు. నన్నడిగితే ఆ గది గోడ మీదే రాసిపెట్టాలి ఈ సంగతి!

మరి ఏం మాట్లాడాలి? దానికీ ప్రయోగం జరిగింది! అమెరికాలో థెరెసా పేప్ అనే పరిశోధకురాలు ఇంటివాళ్ళ చేతనే కథలు రికార్డు చేయించింది. పుస్తకాల్లోని కథలు కావు! ఆ ఇంట్లో నిజంగా జరిగినవి. అమ్మ, నాన్న, అన్న, చెల్లెలు తమ గొంతుతో చెప్పినవి. రోజుకు 4 సార్లు, 6 వారాల పాటు కోమా రోగులకు వినిపించారు. ఇంటివాళ్ళ గొంతు విన్నవాళ్ళు, వినని వాళ్ళకన్నా మెరుగ్గా తేరుకున్నారు! 15 మందితో చేసిన చిన్న ప్రయోగమే. అయినా ఖర్చు చూడండి. ఒక ఫోను, ఒక ఇయర్‌ఫోను!

ఆ కథ ఎలా ఉండాలో తెలుసా? మనిషి పేరుతో మొదలుపెట్టాలి. అందరూ కలిసి ఉన్న రోజును పట్టుకోవాలి. "ఒరే చిన్నోడా, అలిపిరి మెట్లు ఎక్కుతుంటే గాలిగోపురం దగ్గర నీ చెప్పు తెగిందే, నాయన భుజాన ఎక్కించుకున్నాడే..." ఇలా! ఆ మెట్లు మొత్తం 3,550. అన్నీ ఒక్కరోజే చెప్పెయ్యకండి. రోజూ కొన్ని ఎక్కించండి! మధ్యలో ఊరుకోవాలి కూడా. అలిసిన మెదడుకు నిశ్శబ్దం కావాలి.

"మనిషి బాగానే లేచాడు, గుణమే మారిపోయింది" అని వాపోయే ఇళ్ళు ఎన్నో! ఇలాంటి మార్పు గురించి ఎక్కువగా చెప్పుకొనే పేరు ఫీనియస్ గేజ్. 1848లో అమెరికాలో రైలుదారి పనిలో ఇనుప గునపం దవడలో దూరి నడినెత్తి నుంచి బయటికొచ్చింది! ఆయన బతికాడు! తర్వాత మొరటుగా మారాడని అందరూ చెబుతారు. చాలామంది చెప్పని ముక్క వినండి. ఆ మనిషే చిలీ దేశం వెళ్ళి ఏళ్ళ తరబడి గుర్రబ్బండి తోలాడు! రోజూ అదే వేళ, అదే దారి, అదే పని. ఆ క్రమమే ఆయన్ను నిలబెట్టిందని కొందరు పరిశోధకుల అభిప్రాయం. మన ఇంట్లో కూడా లేవడం, స్నానం, టిఫిను, మందులు ఒకే వేళకు జరగనివ్వండి. తేడా మీకే కనిపిస్తుంది!

వెన్నుపాము తెగితే ఏం చేయాలో సుమారు 3,600 ఏళ్ల నాటి ఈజిప్టు వైద్యపత్రంలో రాసి ఉంది. ఏమని? వైద్యం చేయొద్దని! మెడపూస జారి కాళ్ళూ చేతులూ పడిపోయిన మనిషిని చూసి ఆ వైద్యుడు చేతులెత్తేశాడు. ఆశ్చర్యం ఏమిటంటే, రెండో ప్రపంచయుద్ధం దాకా లోకం దాదాపు అక్కడే ఆగిపోయింది!

ఆగిన లోకాన్ని కదిలించింది ఎవరో తెలుసా? హిట్లర్ జర్మనీ నుంచి పారిపోయి ఇంగ్లండ్ చేరిన లుడ్విగ్ గుట్‌మన్! పడుకోబెట్టి చావును ఎదురుచూసే పద్ధతిని ఆయన ఒప్పుకోలేదు. పుండ్లు పడకుండా తిప్పించాడు, మూత్రం సంగతి చూశాడు, చేతికి పని ఇచ్చాడు, ఆటలు ఆడించాడు. 1948లో ఆసుపత్రి ఆవరణలో విలువిద్య పోటీ పెడితే వచ్చింది 16 మంది. ఆ 16 మందితో మొదలైందే ఇవాళ్టి పారాలింపిక్స్!

ఆ ఆటల్లో మన దేశానికి మొదటి బంగారు పతకం తెచ్చిందెవరు? 1965 యుద్ధంలో వెన్నులో తూటా దిగిన సైనికుడు! మురళీకాంత్ పెట్కర్. ఆయన బాక్సర్. గాయం తర్వాత నీళ్ళలోకి దిగాడు. 1972లో జర్మనీలో 50 మీటర్లు ఈదడానికి ఆయనకు పట్టింది 37.33 సెకన్లే! ప్రపంచ రికార్డు!

సరే, మన దగ్గరికి వద్దాం! సత్యవేడులో ఎవరికైనా పెద్ద దెబ్బ తగిలితే కారు ఎటు తిరుగుతుంది? ఊత్తుకోట దాటించి మద్రాసుకు తీసుకెళ్ళేవాళ్ళు కొందరు. తిరుపతికి కొందరు. అక్కడ తితిదే వారి బర్డ్ ఆసుపత్రిలో వెన్నెముక గాయాలకూ వైద్యం ఉంది. ఇక పాతకాలం నుంచీ మన జిల్లా నోట నానిన పేరు రాయవేలూరు! అక్కడి సీఎంసీలో 1966లో మొదలైన పునరావాస సంస్థ ఉంది చూశారూ, మెడికల్ కాలేజీకి అనుబంధంగా మన దేశంలో వెలిసిన మొదటిది అదే!

దాన్ని నిలబెట్టిన డాక్టరుకు నడుము కింద స్పర్శే లేదు! మేరీ వర్గీస్ ఆమె పేరు. 1954లో వాహనం బోల్తా పడింది. అప్పుడామె ఇంకా చిన్న వయసు డాక్టరమ్మ. లేచి నిలబడలేనని తెలిశాక ఏం చేసింది? చక్రాల కుర్చీలో కూర్చునే ఆపరేషన్లు చేసింది! కుష్ఠు వ్యాధితో వంకర తిరిగిన చేతుల్ని సరిచేసే సర్జరీలు అవి. కాళ్ళు లేవని సర్జన్, వేళ్ళు ముడుచుకున్న రోగి... ఇద్దరూ ఒకే బల్లకు అటూ ఇటూ! ఆ దృశ్యం ఒక్కసారి ఊహించుకోండి!

అంతటితో ఆగలేదామె! న్యూయార్క్ వెళ్ళి పునరావాస వైద్యం నేర్చుకొచ్చింది. వేలూరులో ఆ శాఖను నడిపింది. 1972లో పద్మశ్రీ అందుకుంది. ఇక ఆ వార్డులో రోగి ఎలా ఫీలయ్యాడో ఆలోచించండి. "నీకు ధైర్యం కావాలి" అని నిలబడి చెప్పే డాక్టరు కాదు ఎదురుగా. తనలాగే కుర్చీలో కూర్చున్న డాక్టరు! ఇంటివాళ్ళకు ఏ ఉపన్యాసమూ అక్కర్లేకుండా పోయింది.

ఇక ఇంట్లో సంగతులు. చెవి ఇటు పెట్టండి! స్పర్శ లేని ఒంటికి ఒత్తిడి తెలీదు. మనం నిద్రలో మనకు తెలీకుండానే పక్కకు దొర్లుతాం. వాళ్ళు దొర్లలేరు. అందుకే సాధారణంగా 2 గంటలకోసారి పక్క మార్చాలి, రాత్రి కూడా! నడుము కింది ఎముక, మడమలు, తుంటి... అక్కడి చర్మం ఎర్రబడి, వేలితో నొక్కినా ఆ ఎరుపు పోకపోతే అదే పుండుకు మొదటి కబురు. దాని మీద ఒత్తిడి పడనివ్వకండి. ఒక చిన్న అద్దం మంచం దగ్గర పెట్టండి. వీపు తానే చూసుకుంటాడు!

ఇది మాత్రం ఫ్రిజ్ మీద అంటించుకోండి! ఛాతీ పూసల్లో 6వ పూస దగ్గర గానీ అంతకు పైన గానీ గాయమైతే ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. ఉన్నట్టుండి తల పగిలిపోయే నొప్పి. ముఖం ఎర్రబడి చెమటలు. బీపీ చర్రున పైకి! కారణం ఏమై ఉంటుంది? చాలాసార్లు మడత పడ్డ యూరిన్ పైపే! లేదా మలబద్ధకం, బిగుతు బనీను, గోరుచుట్టు. వెంటనే లేపి కూర్చోబెట్టండి. బట్టలు వదులు చేయండి. పైపు సరిచేయండి. తగ్గకపోతే నిమిషం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి! ఈ సంగతి తెలిసిన తల్లి ఆ క్షణంలో ప్రాణం కాపాడగలదు!

ఒకప్పుడు వెన్నుపాము గాయం కన్నా కిడ్నీ పాడయ్యే ఎక్కువమంది పోయేవారు. 1972లో జాక్ లాపిడెస్ అనే డాక్టరు ఒక మాట చెప్పి అందర్నీ విస్తుపరిచాడు. మూత్రం తీసే గొట్టం శస్త్రచికిత్సకు వాడినంత శుద్ధంగా ఉండక్కర్లేదు, శుభ్రంగా ఉంటే చాలు! ముఖ్యమైంది వేళకు మూత్రాశయం ఖాళీ కావడం! ఆ ఒక్క మాటతో పని ఆసుపత్రి నుంచి ఇంటి బాత్‌రూముకు వచ్చేసింది. సబ్బుతో చేతులు కడుక్కుని, నర్సు దగ్గర నేర్చుకుని, తనంతట తానే చేసుకునేవాళ్ళు ఇప్పుడు ఎంతోమంది!

మన కత్తిరి ఎండలు తెలుసుగా? 40 డిగ్రీలు దాటితే మనకు చెమట పట్టి ఒళ్ళు చల్లబడుతుంది. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్న మనిషికి గాయం కింది భాగంలో చెమటే పట్టదు! బయట ఎంత వేడో ఒంట్లోకీ అంత వేడి ఎక్కేస్తుంది. కాబట్టి రేకుల షెడ్డులో మంచం వేయకండి. స్ప్రే బాటిల్‌తో నీళ్ళు చల్లండి, తడిగుడ్డ వేయండి, ఫ్యాను పెట్టండి. కరెంటు పోతే ముందు ఆయన్ను చూసుకోండి!

ఇంటి ముందు అరుగు ఎత్తు ఒక్క అడుగేనా? కుర్చీ ఎక్కడానికి ర్యాంపు ఎంత పొడవుండాలో చెప్పగలరా? 12 అడుగులు! తక్కువైతే కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. అందుకే మేస్త్రీని పిలవడానికి ముందు టేపు పట్టండి. లోపలి గడపల సంగతి కూడా చూడండి. పసుపు రాసి బొట్టు పెట్టుకునే గడప మీద ఎవరికైనా మమకారమే. చెక్కతో చిన్న వాలు చేయించి దానికి రెండు పక్కలా ఆనిస్తే గడపా ఉంటుంది, కుర్చీ పోతుంది!

వెన్నుపాము గాయమైన ఆడపిల్ల తల్లి కాలేదని ఎవరన్నారు? అవుతుంది! గర్భసంచి బిడ్డను బయటికి నెట్టడానికి మెదడు ఆజ్ఞ కోసం కాచుకోదు! ఛాతీ 10వ పూసకు పైన గాయమైతే నొప్పులే తెలియకపోవచ్చు. అందుకే చివరి నెలల్లో డాక్టరు కళ్ళ ముందు ఉండాలి. సంబంధం తెంపుకోవాలని చూసే అత్తింటివాళ్ళు ఈ ముక్క ముందుగా వినాలి!

ఇప్పుడు హక్కుల సంగతి! జీతం లేకుండా రాత్రింబవళ్ళు చాకిరీ చేసే అమ్మకు చట్టంలో చోటుందా? ఉంది! 2016 వికలాంగుల హక్కుల చట్టం సంరక్షకులు అంటే ఎవరో చెబుతూ తల్లిదండ్రుల్ని, కుటుంబ సభ్యుల్ని కలిపింది. డబ్బు తీసుకున్నా, తీసుకోకపోయినా! ఎక్కువ సాయం అవసరమైనవారికి సంరక్షకుల భత్యం గురించి కూడా అదే చట్టం మాట్లాడుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి నెల పింఛను ఎంతో తెలుసా? 15,000 రూపాయలు! 2024 జులై నుంచి వస్తోంది. అంతకుముందు 5,000 ఉండేది. దానికి సదరం సర్టిఫికెట్ కావాలి. సచివాలయంలో స్లాట్ అడగండి. మనిషి మంచం దిగలేడని ఆగిపోకండి, ఎలా చేయాలో అక్కడే తేల్చుకోండి!

2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు వింటే కళ్ళు చెమరుస్తాయి! 12 ఏళ్ల పాప. ప్రమాదంలో మెదడు బాగా దెబ్బతింది. జీవితాంతం ఎవరో ఒకరు పక్కనుండాలి. ఒక్క సహాయకురాలు సరిపోదని, ఇద్దరి ఖర్చు కట్టాలని జడ్జీలు లెక్కగట్టారు! పరిహారం మొత్తం సుమారు 62 లక్షల రూపాయలకు పెరిగింది. కేసు వేసేటప్పుడు తోడుండే మనిషి ఖర్చు రాయడం మరిచిపోయే కుటుంబాలే ఎక్కువ. వకీలుకు మీరే గుర్తు చేయండి!

రైలు పుత్తూరులో ఎక్కినా, సూళ్లూరుపేటలో ఎక్కినా... తోడు లేకుండా ప్రయాణం చేయలేని వికలాంగులకు స్లీపరు టికెట్టు మీద 75 శాతం రాయితీ! ఇది కొందరికి తెలుసు. తోడుగా వెళ్ళే ఒకరికీ అదే రాయితీ ఉందని తెలిసింది ఎందరికి? రాయవేలూరు చెకప్‌లకు ఏటా తిరిగే ఇంటికి ఇది చిన్న మొత్తమా!

ఇళ్ళల్లోంచే పెద్ద సంస్థలు పుట్టాయి! అమెరికాలో మెరిలిన్ స్పివాక్ అనే తల్లి. కారు ప్రమాదంలో కూతురి మెదడు దెబ్బతింది. ఎక్కడికెళ్ళినా దారి చూపేవాళ్ళు లేరు. 1980లో తన ఇంట్లోనే కూర్చుని మెదడు గాయాల కుటుంబాల కోసం జాతీయ సంస్థను మొదలుపెట్టింది! మన దేశంలో జోధ్‌పూర్ మహారాజు గజ్‌సింగ్ కథ అలాంటిదే. కొడుకు పోలో ఆడుతూ పడి కోమాలోకి వెళ్ళాడు. 2007లో ఆ తండ్రి ఇండియన్ హెడ్ ఇంజురీ ఫౌండేషన్ స్థాపించాడు. రాజభవనంలో ఉన్నా, పెంకుటింట్లో ఉన్నా ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన మొదటి రాత్రి ఒక్కటే!

గాయపడ్డవాళ్ళే మొదలుపెట్టినవీ ఉన్నాయి! నేవీ ఎంపిక పరీక్షల్లో పడి మెడ కింద చచ్చుబడిన ఎస్. రామకృష్ణన్ తమిళనాడు ఆయ్‌కుడిలో 1981లో అమర్ సేవా సంగం పెట్టారు. ఆ "అమర్" ఎవరో తెలుసా? ఆయనకు వైద్యం చేసిన డాక్టరు అమర్‌జీత్ సింగ్ చహల్! రోగి తన డాక్టరు పేరుతో సంస్థ పెట్టడం ఎక్కడైనా విన్నారా?

తిరువణ్ణామలైలో సోల్‌ఫ్రీ సంస్థ ఉంది. పెట్టింది ప్రీతి శ్రీనివాసన్. తమిళనాడు అండర్-19 క్రికెట్ జట్టుకు కెప్టెన్! సముద్రపు ఒడ్డున జరిగిన ప్రమాదంలో 18 ఏళ్లకే మెడ కింద చలనం పోయింది. ఇప్పుడు తనలాంటి వాళ్ళకూ వాళ్ళ ఇళ్ళకూ అండ. మన జిల్లా నుంచి గిరిప్రదక్షిణకు పోయేవాళ్ళు ఎందరో కదా. దారి మనకు కొత్తదేం కాదు!

చివరగా, చూసుకునేవాళ్ళ సంగతి. వాళ్ళ అలసటకు కూడా కొలత ఉంది! జారిట్ అనే పరిశోధకుడి పేరుతో 22 ప్రశ్నల పట్టిక. "మీకంటూ సమయం మిగులుతోందా?" అన్నది అడిగే సంగతుల్లో ఒకటి. రోగికి బీపీ చూసే ప్రతి చోటా పక్కనున్న మనిషికి ఈ ప్రశ్నలూ వేయాలని నా గట్టి కోరిక. మీరు పక్కింటివాళ్ళయితే ఒక పూట మంచం దగ్గర కూర్చోండి. ఆమె తల స్నానం చేసుకుని, రెండు గంటలు పడుకుని లేస్తుంది!

మనసు మరీ బరువెక్కితే ఒక నంబరు ఉంది. 14416! టెలి మానస్. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టింది. పైసా ఖర్చు లేదు. అర్ధరాత్రి చేసినా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు! రోగి కోసమే కాదు, రోగిని చూసుకునే మీ కోసం కూడా చేయొచ్చు. ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి!